పిట్టగోడ లేని మేడ మీద మన పిల్లలు

చర్చి గేటుకు ఫ్లెక్సీ కట్టేశాం. వెకేషన్ బైబిల్ స్కూల్ (వీబీఎస్) పది రోజులు, దాని వెనకే యూత్ క్యాంపు మూడు రోజులు, ఆఖరున నది ఒడ్డునో సముద్రం ఒడ్డునో ఒక పిక్నిక్. కమిటీ కూర్చుంది. పాటలు ఎవరు నేర్పాలో తేలింది. వంట ఎవరిదో, బహుమతులకు స్టీలు గిన్నెలు ఎవరిస్తారో తేలింది. "అర్ధరాత్రి ఏదన్నా జరిగితే పిల్లల్ని ఎవరు లేపుతారండీ, ఎటు తీసుకెళ్తారు?" అని ఒకావిడ అడిగింది. "దేవుడున్నాడమ్మా" అన్నారు పెద్దలు. ప్రార్థన చేసి మీటింగు ముగించారు.

ఆ జవాబు ఈ వేసవికి చాలదు. ఎందుకు చాలదో చెప్పాలంటే టెక్సస్ దాకా వెళ్లాలి.

కెర్ కౌంటీలో హంట్ అనే చిన్న ఊరి దగ్గర, గ్వాడలూపె నది ఒడ్డున, క్యాంప్ మిస్టిక్ అని ఆడపిల్లల క్రైస్తవ వేసవి శిబిరం. 1926లో మొదలైంది. అమ్మమ్మ వెళ్లిన క్యాంపుకే మనవరాలూ వెళ్లేంత పాతది. 2025 జూలై 2న రాష్ట్ర ఆరోగ్య శాఖ వాళ్లు తనిఖీకి వచ్చారు. అత్యవసర ప్రణాళిక కాగితం మీద ఉందా? ఉంది. టిక్కు పడింది. మర్నాడు మధ్యాహ్నం వాతావరణ శాఖ ఆకస్మిక వరద రావచ్చని ముందస్తు సూచన ఇచ్చింది. అర్ధరాత్రి దాటాక 1:14కి ప్రమాదం ముంచుకొస్తోందని అసలు హెచ్చరిక వెలువడింది. నది సుమారు 45 నిమిషాల్లో 26 అడుగులు లేచిందని అధికారులు తర్వాత చెప్పారు. మన ఆదివారం ఆరాధనలో పాటలు అయ్యేలోపల రెండంతస్తుల మేడంత నీళ్లు.

నదికి దగ్గరగా ఉన్న క్యాబిన్లలో ఒకదాని పేరు బబుల్ ఇన్. క్యాంపులో అందరికన్నా చిన్నపిల్లలు పడుకునేది అక్కడ. ఎనిమిదేళ్లు, తొమ్మిదేళ్లు. అందులోని పదమూడు మంది పిల్లలూ, వాళ్లను చూసుకునే ఇద్దరు కౌన్సెలర్లూ చనిపోయారు. మొత్తం క్యాంపులో 27 మంది: 25 మంది పిల్లలు, ఆ ఇద్దరు కౌన్సెలర్లు. పిల్లల్ని తన వాహనంలో ఎక్కించుకుని కాపాడబోయిన క్యాంపు డైరెక్టరూ ప్రాణం వదిలాడు. ఆయన ప్రేమలో లోపం వెతికే హక్కు మనకు లేదు. అయినా ప్రేమ ఉన్న మనిషి కూడా ఆ రాత్రి ఆలస్యం నుంచి పిల్లల్ని గట్టెక్కించలేకపోయాడన్నది నిజం.

ఆ కౌన్సెలర్ల వయసు 18, 19. నేను ఇంకా అక్కడే ఆగిపోతున్నాను. ఆ వయసుకే నేనూ వీబీఎస్ టీచర్నయ్యాను. చేతికి ఒక పాటల పుస్తకం ఇచ్చారు, ముప్పైమంది పిల్లల్ని అప్పజెప్పారు. ఒక ఏడాది కృష్ణ ఒడ్డుకు పిక్నిక్ వెళ్లి, తిరిగొచ్చేటప్పుడు లెక్కపెడితే ఒకడు తక్కువ. మళ్లీ లెక్కపెట్టాం. మళ్లీ తక్కువే. ఇరవై నిమిషాల తర్వాత వాడు ఆటోలో వెనక సీటు కింద, చెప్పులు తలకింద పెట్టుకుని నిద్రపోతూ దొరికాడు. అందరం స్తోత్రం చెప్పుకుని నవ్వుకున్నాం. వాళ్లమ్మకు ఎవరమూ చెప్పలేదు. నీళ్ల దగ్గరికి వెళ్లేముందు పేర్లు రాసుకున్న కాగితం ఒకటి మా దగ్గర లేదన్న సంగతి ఇప్పటికీ ఎవరితోనూ అనలేదు.

మిస్టిక్‌లోనే బతికి బయటపడిన పిల్లల వైపు చూడండి. మెక్సికో నుంచి వచ్చిన ఇద్దరు కౌన్సెలర్లు, వాళ్లవీ పందొమ్మిదేళ్లే, తమ దగ్గరున్న ఆడపిల్లల ఒంటి మీద కనబడే చోట వాళ్ల పేర్లు పెన్నుతో రాశారు. ఏ పిల్ల ఎటు కొట్టుకుపోయినా పేరు తెలియాలని. అది రాస్తున్నప్పుడు ఆ చేతులు ఎలా ఉండి ఉంటాయో అనుకుంటే నిద్ర పట్టదు. మన దగ్గర రిట్రీట్‌కు వచ్చిన పిల్లల పేర్లు, అమ్మానాన్నల నంబర్లు, ఎవరికి ఉబ్బసం, ఎవరికి ఫిట్స్ అన్నది ఎన్ని చర్చిల్లో రాసి ఉంటుంది?

ఇంకొకటి. మిస్టిక్‌లో పిల్లల దగ్గర ఫోన్లు ఉండవు, అది క్యాంపు నియమం. మన రిట్రీట్లలోనూ మొదటి రోజే ఫోన్లన్నీ ఒక సంచిలో వేయించి బీరువాలో పెట్టి తాళం వేస్తాం. పిల్లల విషయంలో మంచి పనే. పెద్దవాళ్లవి కూడా అందులోనే పడేస్తే? మే నెలలో సాయంత్రం మబ్బు కమ్మితే విపత్తుల సంస్థ పంపే పిడుగుల హెచ్చరిక ఆ బీరువాలో మోగి ఆరిపోతుంది. కనీసం ఇద్దరి ఫోన్లు రాత్రంతా చార్జింగులో, శబ్దం ఆన్‌లో ఉండాలి. వాళ్లు ఒకరి తర్వాత ఒకరు మేలుకుని ఉండాలి. రాత్రి జాగరణ ప్రార్థనలకు మనకు మనుషులు దొరుకుతారు కదా, దీనికీ దొరుకుతారు.

అదే గ్వాడలూపె నదిలో అంతకు 38 ఏళ్ల ముందు, 1987 జూలై 17న, కంఫర్ట్ అనే ఊరి దగ్గర ఒక చర్చి క్యాంపు పిల్లల్ని వరద వస్తోందని బస్సులెక్కించి పంపారు. ఆఖరి బస్సు, దాని వెనక వ్యాను నీళ్లలో చిక్కుకున్నాయి. 43 మంది ప్రవాహంలో పడ్డారు. చెట్లు పట్టుకుని వేలాడిన వాళ్లను హెలికాప్టర్లతో లాగారు. పది మంది టీనేజీ పిల్లలు దక్కలేదు. ఒకసారి క్యాబిన్లలో ఉండిపోయారు, ఒకసారి కదలడం ఆలస్యమైంది. నది ఒకటే, పాఠం ఒకటే, మధ్యలో ఒక తరం గడిచింది. 2025 సెప్టెంబరులో టెక్సస్ కొత్త చట్టాలు చేసింది: వరద మైదానంలో పిల్లల క్యాబిన్లు ఉండకూడదు, అత్యవసర ప్రణాళికా శిక్షణా తప్పనిసరి. డాలస్‌లో, హ్యూస్టన్‌లో ఉన్న మన తెలుగు తల్లిదండ్రులు ఫీజు కట్టే ముందు క్యాంపువాళ్లను ఆ ప్రణాళిక చూపించమని అడగొచ్చు. అడగాలి కూడా.

అది అమెరికా నది అనుకునేవాళ్లకు బియాస్ గుర్తుచేస్తాను. 2014 జూన్ 8, ఆదివారం. హైదరాబాద్ నుంచి విహారయాత్రకు వెళ్లిన ఇంజనీరింగ్ విద్యార్థులు హిమాచల్‌లో తలౌట్ దగ్గర నదిలో రాళ్ల మీద నిలబడి ఫొటోలు దిగుతున్నారు. ఎగువన లార్జీ డ్యాం నుంచి నీళ్లు వదిలారు. 24 మంది విద్యార్థులు, టూరు నిర్వాహకుడు ఒకరు కొట్టుకుపోయారు. 2016లో ఆ రాష్ట్ర హైకోర్టు ఒక్కో కుటుంబానికి 20 లక్షల పరిహారం వేసినప్పుడు అందులో కొంత వాటా కాలేజీ మీదా పడింది. తీసుకెళ్లినవాళ్లకు బాధ్యత ఉంటుందని కోర్టే చెప్పినట్టయింది. పిల్లల్ని పిక్నిక్‌కు తీసుకెళ్లే చర్చి దానికి మినహాయింపని నేననుకోను.

మన నదులు వేసవిలో అమాయకంగా కనిపిస్తాయి. మోకాలి లోతు అని దిగుతారు. నాలుగడుగులు వేశాక ఇసుక తవ్విన గుంత. పైకి ఏమీ తెలియదు. ఒకడు మునిగితే చేయి అందించబోయి ఇంకొకడు, వాడి కోసం మూడోవాడు. వేసవి పేపర్లలో ఆ వార్త ఏటా చదువుతూనే ఉన్నాం. అందుకే సూటిగా చెబుతున్నాను: ఈ ఏడాది క్యాంపు పిక్నిక్ నీళ్ల దగ్గర పెట్టకండి. మామిడి తోటలో పెట్టుకోండి. పిల్లలు అలుగుతారు, అలగనివ్వండి.

ఎండ గురించి పెద్దగా చెప్పనక్కర్లేదు, అందరికీ తెలుసు. రేకుల షెడ్డు కింద పన్నెండింటిదాకా యాక్షన్ సాంగ్స్ వేయించడం ఆపితే చాలు. పదిన్నరకు ముగించి మజ్జిగ ఇచ్చి పంపేయండి.

మాట్లాడటానికి మనం ఇష్టపడని ప్రమాదం ఇంకొకటి ఉంది. మిస్సోరీలో కనకుక్ అనే పేరున్న క్రైస్తవ క్యాంపు ఉంది. విచిత్రంగా అదీ 1926లోనే పుట్టింది. అక్కడ ఏళ్ల తరబడి పిల్లలకు ఇష్టుడిగా, తల్లిదండ్రులకు నమ్మకస్తుడిగా మెలిగిన పీట్ న్యూమన్ అనే డైరెక్టరుకు బాలురపై లైంగిక నేరాలకు 2010లో రెండు యావజ్జీవ శిక్షలు, పైన 30 ఏళ్లు పడ్డాయి. అందరికీ నచ్చిన మనిషి కాబట్టే అందరూ నమ్మారు. మన దగ్గర "అన్నయ్య", "అంకుల్", "బ్రదర్" అనే పిలుపు చాలు, పిల్లాణ్ణి ఒంటరిగా గదిలోకి పంపేస్తాం. ప్రత్యేక ప్రార్థన అన్నా, కౌన్సెలింగ్ అన్నా తలుపు తెరిచే ఉండాలి, ఇద్దరు పెద్దవాళ్లు కనబడేలా ఉండాలి. అది పాస్టరుగారికీ వర్తిస్తుంది. ఏదైనా జరిగిందని తెలిస్తే సంఘం పరువు కోసం లోపల సర్దుకోవడం నేరం. 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసిన ప్రతి ఒక్కరూ పోలీసులకు చెప్పాలి. దాచిన సంస్థ పెద్దకు ఏడాది దాకా జైలు. 1098 అనే చైల్డ్‌లైన్ నంబరు క్యాంపు గోడమీద, పిల్లలకు అందే ఎత్తులో రాయించండి.

ఇదంతా విశ్వాసం తక్కువై చెప్తున్న మాటని ఎవరైనా అంటే, ద్వితీయోపదేశకాండం ఇరవై రెండో అధ్యాయం తీయమనండి. కొత్త ఇల్లు కట్టుకునేవాడు మేడకు పిట్టగోడ కట్టాలని, లేకపోతే పైనుంచి పడినవాడి రక్తదోషం ఆ ఇంటి మీదికే వస్తుందని అక్కడ ఉంది. ప్రార్థన చేసుకుని మేడ ఎక్కండి అని మోషే చెప్పలేదు. గోడ కట్టించాడు.

కాబట్టి క్యాంపు మొదటి రాత్రి, ఆఖరి పాట అయ్యాక, లైట్లు ఆర్పి ఒక పని చేయండి. విజిల్ ఊదండి. ఒక్కో టీచరూ తన పదిమందినీ లేపి, చేతులు పట్టించి, ముందే చూపించిన ఎత్తయిన చోటికి తీసుకెళ్లి పేర్లు పిలవాలి. పిల్లలు నవ్వుతారు, ఒకరిద్దరు ఏడుస్తారు, ఎవడో చెప్పులు మరిచిపోయానని వెనక్కి పరుగెత్తుతాడు. మొదటిసారి ఎన్ని నిమిషాలు పట్టిందో రిజిస్టర్లో రాయండి. రెండో రాత్రి మళ్లీ ఊదండి.