నీళ్లలోంచి ఇంధనం... మన వాటా ఎంత?

గోవాడ అనగానే ఎవరికైనా చెరకు, చక్కెర ఫ్యాక్టరీ గుర్తొస్తాయి. ఈమధ్య మా అనకాపల్లి జిల్లాలో ఇంకో మాట గట్టిగా వినిపిస్తోంది - గ్రీన్ హైడ్రోజన్. పూడిమడకలో ఎన్టీపీసీ తలపెట్టిన కేంద్రానికి 2025 జనవరి 8న ప్రధాని మోడీ శంకుస్థాపన చేశారు. పెట్టుబడి సుమారు 1.85 లక్షల కోట్ల రూపాయలు. రోజుకి 1500 టన్నుల హైడ్రోజన్ తీయాలన్నది లక్ష్యం. ఇదంతా ఇంజనీర్ల గొడవ, మనకెందుకులే అనిపిస్తుంది. కానీ నీళ్లు, కరెంటు, ఎరువు... మూడూ మన ఇంటి లెక్కలే కదా!

నీళ్లలో రెండు పలకలు పెట్టి కరెంటు పంపితే ఒకదాని దగ్గర హైడ్రోజన్, రెండోదాని దగ్గర ఆక్సిజన్ బయటికొస్తాయి. ఎండతోనో గాలితోనో పుట్టిన కరెంటు వాడితే అది గ్రీన్ హైడ్రోజన్. చిక్కల్లా ఖర్చు దగ్గరే. కిలో హైడ్రోజన్‌కి లెక్క ప్రకారం 39 యూనిట్లు చాలు. యంత్రాలేమో 50 నుంచి 55 దాకా తాగేస్తున్నాయి. ఆ వృథాని తగ్గించేది పలకలకి పూసే ఉత్ప్రేరకం. చెరకు గానుగ ఇరుసుకి కందెన రాస్తే ఎడ్లకి శ్రమ తగ్గుతుంది, కందెన మాత్రం బెల్లంలో కలవదు. ఇదీ అలాంటిదే.

ఆమ్లంతో పనిచేసే యంత్రాలకి ప్లాటినం, ఇరిడియం కావాలి. ఇరిడియం ప్రపంచమంతా కలిపి ఏటా 7, 8 టన్నులే దొరుకుతుంది, అదీ ఎక్కువగా దక్షిణాఫ్రికాలో. క్షారంతో నడిచే యంత్రాల్లో అయితే నికెల్, ఇనుము చాలు. ఆమ్లంలో ఇవి కరిగిపోతాయి. అందుకే చౌకగా దొరికి, ఏళ్ల తరబడి నిలిచే పూత కోసం శాస్త్రవేత్తలు వెతుకుతున్నారు.

ఇక నీళ్ల సంగతి. కిలో హైడ్రోజన్‌కి 9 లీటర్ల శుద్ధమైన నీరు కావాలి. అంటే 1500 టన్నులకి రోజుకి 1.35 కోట్ల లీటర్లు. శుద్ధి చేయడానికి, యంత్రాలు చల్లబరచడానికి అయ్యేది దీనికి అదనం. పక్కనే సముద్రం ఉంది కదా అంటారేమో! ఉప్పునీరు నేరుగా పోస్తే క్లోరిన్ పుట్టి పలకల్ని తినేస్తుంది. ముందు ఉప్పు తీయాలి, లేదా ఉప్పుని తట్టుకునే ఉత్ప్రేరకం రావాలి.

తయారయ్యే సరుకు ముఖ్యంగా ఎగుమతికేనని ప్రభుత్వ ప్రకటనే చెప్పింది. ఆ జాబితాలో గ్రీన్ యూరియా కూడా ఉంది. మా చెరకు తోటలకి యూరియా లేనిదే గడవదు మరి! అందుకే నావి మూడే ప్రశ్నలు. ఆ నీళ్లు సముద్రానివా, ఊళ్లవా? ఆ యూరియాలో కొంతైనా మన పొలానికి చేరుతుందా? కెమిస్ట్రీ చదివిన మన ఆడపిల్లలకి ఆ ల్యాబుల్లో చోటుంటుందా? గ్రామసభలో ఈసారి ఇవి మనమే అడగొద్దూ?