మాటా మంతీ: బహుమతి రాని బొమ్మ

పోయిన ఉగాదికి మన సంఘంలో పిల్లలకు బొమ్మల పోటీ పెట్టారు. బహుమతులు తేల్చడానికి కూర్చోబెట్టిన ముగ్గురిలో మేమొకరం. చిత్రకళలో మాకున్న ప్రవేశమల్లా ఆఫీసు కాగితాల అంచుల మీద గీసిన యేనుగులే. అయినా పెద్దలు అడిగితే కాదనలేక వెళ్ళాము.

మొదటి బహుమతి ఒక కుర్రవాడికి ఇచ్చాము. కాలెండరులోని లక్ష్మీదేవిని పద్మం రేకులతో సహా దించేశాడు. తొమ్మిదేళ్ళ పిల్ల ఒకతె మాత్రం వాళ్ళ అవ్వను వేసింది. చాల్ నడవాలో, తెల్లవారకముందే, కుళాయి దగ్గర వరసలో బిందె పెట్టి, గోడకు ఆనుకొని కునుకు తీస్తున్న అవ్వ. చేతులు మరీ పొడుగు. బిందె అవ్వకన్నా పెద్దది. మేము నవ్వి పక్కన పెట్టాము. పైగా, "దేవుణ్ణో పువ్వునో వేయకపోయావా తల్లీ?" అని సలహా కూడా ఇచ్చాము. ఆ పిల్ల యేమీ అనలేదు. కాగితం చుట్టుకొని వెళ్ళిపోయింది.

వేసవిలో తోడల్లుడిగారి అమ్మాయి పెళ్ళికి రాజమండ్రి వెళ్ళాము. మధ్యాహ్నం తోచక దామెర్ల రామారావుగారి చిత్రశాలకు వెళ్ళి కూర్చున్నాము. ఆయన 1897లో ఆ వూళ్ళోనే పుట్టారు. అక్కడి కళాశాల ప్రిన్సిపాలు కూల్డ్రే దొర, తానూ బొమ్మలు వేసేవాడు కనుక, యీ కుర్రవాడి చేతిని గుర్తించి అజంతా చూపించాడు. 1916లో బొంబాయి జె.జె. స్కూలులో చేరడానికి తోడ్పడ్డాడు. అంటే మనలో చాలామంది రోజూ బండి దిగే బోరీబందరు పక్కనే ఆయన నాలుగేళ్ళు చదువుకున్నారన్నమాట! ఇన్నేళ్ళుగా ఆ గోడ పక్కనుంచే నడుస్తున్నాము, మాకు తెలియదు.

శరీర నిర్మాణం స్కూలులో నేర్చారు. గీతలో వొంపు అజంతాది. బెంగాలువారి కొత్త పద్ధతి మీద అప్పట్లో దేశమంతటా మోజు; అదీ ఆయన యెరుగనిది కాదు. ఇన్ని చోట్ల పుచ్చుకున్నవారు యింటికి వచ్చి వేసినదేమిటి? గోదావరి, ఆ వొడ్డు ఆడవాళ్ళు, వాళ్ళ కట్టూ బొట్టూ. 'పుష్పాలంకరణ', 'నందిపూజ' చూస్తూంటే యెరిగున్నవాళ్ళ యింటికి వచ్చినట్లుంది. నేర్చుకున్నది పరాయిదే కావచ్చు, చూసినది మాత్రం తన కంటితోనే. వూళ్ళో కుర్రవాళ్ళకూ నేర్పారు. భార్య సత్యవాణిగారు, సోదరి బుచ్చికృష్ణమ్మగారు కూడా కుంచె పట్టినవారే. 1925లో మశూచికం వచ్చి పోయేనాటికి ఆయనకు 28 యేళ్ళయినా నిండలేదు.

అక్కడ వుండగా మాకు బిందె పక్కన కునుకు తీసే అవ్వ గుర్తుకు వచ్చింది. కుర్రవాడిని తప్పుపట్టడం లేదు. చూసి దించడమూ చదువే. తప్పు మాది.

తిరిగి రాగానే ఆ పిల్ల యింటికి వెళ్ళి బొమ్మ అడిగాము. "డబ్బాల కింద పరిచినమండి" అన్నది వాళ్ళమ్మ, నొచ్చుకుంటూ. ఆవకాయ జాడీ యెత్తి తీసి ఇచ్చింది. ఇప్పుడేం వేస్తున్నావమ్మా అంటే పిల్ల పుస్తకం తెచ్చింది. పేజీ పేజీకీ పద్మాలు. అవ్వను మళ్ళీ వేయవూ అన్నాము.

"నాకు చేతులు రావు మామయ్యా" అన్నది.

వాళ్ళమ్మ అనుమతితో ఆ బొమ్మను యీ సంచిక లోపలి అట్ట మీద వేయిస్తున్నాము. నూనె మరక కూడా అచ్చులో పడుతుంది, పాఠకులు యేమీ అనుకోవద్దు.