ప్రతి కౌంటీయందును నాలొక్సోన్ ఉచితముగా లభింపవలెను: అమెరికాలోని తెలుగు కుటుంబములకు విన్నపము



హెరాయిన్, ఫెంటనిల్ మున్నగు నల్లమందు జాతి మాదకములు మితిమీరి దేహమున జేరినప్పుడు, శ్వాసను నడుపు మెదడు భాగము మందగించి, పెదవులు నీలివర్ణము దాల్చి, పిలిచినను కదిపినను పలుకని స్థితిలో మనుష్యుడు నిమిషములలోనే ప్రాణములు విడుచును. ఆ క్షణమున నాలొక్సోన్ అను ఔషధమును ముక్కులోనికి చిమ్మినచో, అది మాదకమును దాని స్థానమునుండి తొలగించి, సాధారణముగా రెండు మూడు నిమిషములలో ఊపిరిని మరలించును. మాదకము సేవింపనివానికి పొరపాటున ఇచ్చినను హాని లేదు. ఇచ్చుటకు వైద్యవిద్యయు అక్కరలేదు. ఈ మందునకు అమెరికా ప్రభుత్వ అనుమతి 1971లోనే లభించినది. అయినను 2022లో ఆ దేశమున మాదకముల మోతాదు మించి 1,07,000కు పైగా జనులు మరణించిరి. 2024లో ఆ సంఖ్య దాదాపు 80 వేలకు దిగినది. నాలొక్సోన్ వ్యాప్తి ఈ తగ్గుదలకొక కారణమని ప్రజారోగ్యాధికారులే చెప్పుచున్నారు. ఫలితము కనబడుచున్న ఈ సమయముననే ప్రయత్నము ద్విగుణము కావలెనని మా నిశ్చితాభిప్రాయము.

ఇది మన గడప త్రొక్కని వ్యథ యని తలంచుట ప్రమాదము. పరీక్షల వేళ మెలకువకొరకో, నొప్పికొరకో, నిద్రకొరకో పిల్లలు పరిచయస్థులవద్ద కొను బిళ్ళలలో, అసలు మందును పోలియుండి, హెరాయిన్ కంటె ఏబది రెట్లు శక్తిగల ఫెంటనిల్ కలిపిన నకిలీలు ఎన్నియో ఉన్నవి. 2022 సెప్టెంబరులో హాలీవుడ్‌లోని ఒక ఉన్నత పాఠశాలలో బాలిక అట్టి బిళ్ళవలన మరణించిన పిమ్మటనే, లాస్ ఏంజెలెస్ పాఠశాలా మండలి తన పాఠశాలలన్నిటను నాలొక్సోన్ ఉంచుటకు నిశ్చయించెను. ఇల్లు తగులబడిన పిదప నుయ్యి త్రవ్వ నారంభించు ఈ పద్ధతి ప్రతి ఊరను పునరావృతము కానక్కరలేదు.

షికాగోలో 1996లో ఈ మందును వీధులలో పంచనారంభించినవారు ప్రభుత్వోద్యోగులు కారు, స్వచ్ఛంద సేవకులు. 2023 మార్చిలో వైద్యుని చీటీ లేకయే విక్రయించుటకు అనుమతి లభించినది. కాని 2023లో విక్రయము ఆరంభమైనప్పుడు రెండు మోతాదుల పెట్టె వెల సుమారు 45 డాలర్లుగా నుండెను. అంతటి వెల పెట్టలేనివారికే ఈ మందు మిక్కిలి యవసరము. మరణములు ఏ పేటలలో, ఏ వీధులలో సంభవించుచున్నవో ఎరిగినది స్థానిక ఆరోగ్యశాఖయే కావున, పంపిణీ భారము దానిదే కావలెను. అయితే కార్యాలయపు వేళలలో వచ్చి, పేరు వ్రాయించుకొని, బోధన విన్నవారికే ఇత్తుమనుట పంపిణీ యనిపించుకొనదు. గ్రంథాలయములయందును, అగ్నిమాపక కేంద్రములయందును, బస్సు నిలయములయందును అహోరాత్రములు తెరచియుండు పెట్టెలలో దానిని ఉంచవలెను. దూరగ్రామములకు తపాలాలో పంపవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, కారాగారమునుండి విడుదలయగు ప్రతివాని చేతికి దానిని ఇయ్యవలెను. ఏలయన, నిర్బంధమున దేహము మాదకమునకు అలవాటు తప్పియుండగా, పూర్వపు మోతాదునే సేవించి, విడుదలయైన తొలి రెండు వారములలోనే మరణించువారు పెక్కుమంది.

ధనమెక్కడిదందురా? నల్లమందు జాతి మందుల వ్యాజ్యములలో 2021లో ప్రకటింపబడిన ఒప్పందము ననుసరించి మూడు పెద్ద ఔషధ పంపిణీ సంస్థలును, జాన్సన్ అండ్ జాన్సన్ సంస్థయు 2,600 కోట్ల డాలర్ల వరకు చెల్లింప నంగీకరించినవి. అందు అత్యధిక భాగమును ఈ విపత్తు నివారణకే వినియోగింపవలెనని నియమము కలదు. ఆ ధనము కౌంటీలకు చేరుచున్నది. దానిని అన్య వ్యయములకు మరలనీయక కాపాడుట పౌరుల పని.

మందు చేతనున్నచో వ్యసనము హెచ్చునని కొందరు శంకింతురు. నాలొక్సోన్ మత్తు నీయదు. పైగా వ్యసనపరునకు అది కలిగించు బాధ తీవ్రము. దానిని సుఖమునకై కోరువాడు లేడు. బ్రదికియున్నవానికే చికిత్సాలయపు ద్వారము తెరచియుండును.

కావున మీ కౌంటీ మండలి ఆదాయవ్యయ చర్చకు వెళ్ళి, ఒప్పంద ధనములో నాలొక్సోన్‌కు ఎంత కేటాయించిరో అడుగుడు. పరువు పోవునను సంకోచము విడిచి, తెలుగు సంఘముల సభలయందు ఈ మందు నిచ్చు విధమును నేర్పుడు. ఇంట ఒక పెట్టె ఉంచుకొనుడు. ఊపిరి లేనివాడు తనకు తానై మందు వేసికొనజాలడు కావున, అది ఎక్కడ నున్నదో ఇంటివారందరికిని తెలుపుడు. దాని ప్రభావము 30 మొదలు 90 నిమిషముల వరకే. కావున మందు చిమ్మినను, 911కు పిలిచి, సహాయము వచ్చువరకు రోగిని విడువకుడు.