మేకు పక్షమున నొక మాట

భూకంపమున ఇల్లు కూలినచో జనులు పునాదిని నిందింతురు, దూలమును నిందింతురు. మేకును దలచువా రరుదు. కాని కొయ్యయింటి విషయమున మొదట విచారింపవలసినది మేకునే యని నా యభిప్రాయము.

అమెరికా దేశమున ఇండ్లలో విశేషభాగము కొయ్యతో గట్టబడును. సన్నని నిలువుకొయ్యలను వరుసగా నిలిపి, వానిపై ప్లైవుడ్ పలకలను బఱచి, అంచుల వెంబడి మేకులు గొట్టుదురు. భూమి కదలి యింటిని ప్రక్కకు ద్రోయునప్పుడు ఆ త్రోపును దాళవలసినది యీ గోడయే. ఇంజనీర్లు దీనిని షియర్ గోడ యందురు. 1994వ సంవత్సరము జనవరి 17వ తేదీని, జనులింకను నిద్రించు వేళ, లాస్ ఏంజిలీసు నగరప్రాంతమగు నార్త్‌రిడ్జిలో భూకంపము వచ్చెను. అచ్చటి మూడంతస్తుల కొయ్యకట్టడ మొకదానిలో క్రింది యంతస్తు నలిగిపోయి పదునార్గురు మరణించిరి.

ఈ విపత్తు పిమ్మట కాలిఫోర్నియాలో కొయ్యయిండ్లను గూర్చి గొప్ప పరిశోధన సాగెను. గోడలను యంత్రములతో ఇటునటు లాగి చూడగా, చాలవఱకు నిలువుకొయ్యలును పలకలును నిలిచియుండ, వానిని గలుపు మేకులే ముందుగా లొంగినవి. పశువును గట్టిన గుంజ నెఱుగనివారు మనలో లేరు గదా! పశువు లాగినకొలది గుంజ చుట్టు మన్ను నలిగి, గుంత పెద్దదై, గుంజ యూగులాడును. మేకును అట్లే. మొదటి త్రోపునకు వంగి, చుట్టునున్న కొయ్యను నలిపి, తన రంధ్రమును దానే పెద్దది చేసికొనును. మరలివచ్చునప్పు డా ఖాళీలో ఇంచుమించు నిరోధము లేకయే కదలి, ఆవలి కొయ్యను దాకిన పిమ్మటనే మరల బలము చూపును. అయినను ఈ వంగుటయు నలుగుటయు భూకంపశక్తిని గొంత మ్రింగివేయును. అందువలననే మంచి మేకులు గల యిల్లు ఊగియు నిలుచును.

ఈ నడవడిని కంప్యూటరునకు దెలుపుటకై ఫోల్జు, ఫిలియాట్రో అను పండితులు 2001వ సంవత్సరమున క్యాషూ అను గణనక్రమమును వెలువరించిరి. (ఆ పేరునకు జీడిపప్పని యర్థము వచ్చును, పండితులకును హాస్యము గలదు.) అందు మేకు పట్టు పది సంఖ్యలచే వర్ణింపబడును: మొదటి బిగువెంత, ఎంత కదలిన పిమ్మట బలము తగ్గును, వదులైన పిమ్మట మిగులు పట్టెంత, ఇత్యాదులు. మేకుల లెక్క గూడి గోడ యగును. గోడల లెక్క గూడి ఇల్లగును. ప్రతి యింటిని గట్టి విఱుగగొట్టి చూచుట యెవరి తరము? ఇట్టి లెక్కవలన ఒకే యింటిని పెక్కు భూకంపములకు, ఇటుక కదల్పకయే, పరీక్షింపవచ్చును. ఈ మేలును నేను గాదనను.

అయితే ఆ పది సంఖ్యలు యంత్రమునకు దోచినవి గావు. ఎవరో యొకరు మేకును గొట్టి, లాగి, కొలిచి వ్రాసినవి. ప్రయోగశాలలో మేకు శ్రద్ధతో గొట్టబడును. కట్టడమునొద్ద గాలి యొత్తిడితో బనిచేయు మేకుల తుపాకితో త్వరత్వరగా గొట్టునప్పుడు మేకుతల పలకలోనికి దిగబడుటయు గలదు. అప్పుడు పట్టియుంచు మందము తగ్గి, పలక మేకుతల మీదుగా ముందే ఊడివచ్చును. లెక్కలోని గోడకును వీథిలోని గోడకును ఇచ్చట భేదము పుట్టుచున్నది. లెక్కలయందు ఆసక్తి గల బాలురు వడ్రంగపు గదిని జూచి మొగము త్రిప్పుకొనుట నాకు అందుకే కష్టముగ దోచును.

2009వ సంవత్సరము జూలైలో జపాను దేశమున మికి నగరమందలి కంపనవేదికపై ఆఱంతస్తుల కొయ్యకట్టడమును నిజప్రమాణమున నిర్మించి కదలించిరి. అంతటి ప్రయోగము ఎల్లప్పుడును జరుగజాలదు. చెడుగా దిగిన మేకును పరీక్షించుటకు మాత్రము ఒక పలకముక్కయు, ఒక కొయ్యముక్కయు, లాగి కొలుచు యంత్ర మొకటియు జాలును. బాగుగ గొట్టిన మేకుతో బాటు దానికిని వేఱుగ పది సంఖ్యలు గట్టి, ఆ లెక్కతోను ఇంటిని ఒకమాఱు ఊపి చూడవలెనని నేను గోరుచున్నాను.