కానుకకు హద్దు, హక్కుకు కాదు

డిసెంబరు నెల వస్తున్నదంటే విద్యాధికుల ఇళ్ళలో ఒక హితోపదేశం వినబడుతున్నది. పిల్లలకు క్రిస్మస్ కానుకలు విచ్చలవిడిగా కొనవద్దు, లెక్క పెట్టుకొని ఇవ్వండి అని. మూడు చాలునంటారు కొందరు. మత్తయి సువార్తలో తూర్పు దేశపు జ్ఞానులు బాలయేసుకు బంగారము, సాంబ్రాణి, బోళము అనే మూడింటినే తెచ్చారు గదా అని వీరి సాక్ష్యం. నాలుగు కావాలంటారు మరికొందరు. కోరుకున్నది ఒకటి, అవసరమైనది ఒకటి, తొడుక్కునేది ఒకటి, చదువుకునేది ఒకటి అని వీరి లెక్క. ఈ సూత్రాలు పాశ్చాత్య దేశాలలో, అంగడి సరుకుతో ఇళ్ళు నిండిపోయిన మధ్యతరగతి కుటుంబాలలో ప్రచారమైనవి. పరాయి దేశం నుంచి వచ్చినంత మాత్రాన ఏ ఆలోచనా చెడ్డది కాదు. కాని అది ఎటువంటి ఇంటి కోసం పుట్టిందో విచారించకుండా అన్ని ఇళ్ళకూ వర్తింపజేయడం విమర్శ అనిపించుకోదు.

కానుకలకు పరిమితి వుండవలసిందే. ఆ విషయంలో మనకు తగాదా లేదు. ఆ పరిమితి ఎందుకు, దానిని ఎవరు విధించాలి, దేనికి విధించకూడదు అన్నవే తేల్చుకోవలసిన ప్రశ్నలు.

ఇది క్రైస్తవుల ఇంటి గొడవ, మనకెందుకు అనేవారున్నారు. పెద్ద అంగళ్ళ వాకిట క్రిస్మస్ చెట్టును నిలబెట్టే వ్యాపారి కొనేవాడి మతం అడగడం లేదు. పుట్టినరోజు పండుగకు వచ్చిన పిల్లలందరికీ రిటర్న్ గిఫ్టులు పంచాలనే ఆచారం మతంతో నిమిత్తం లేకుండా మన పట్టణాలలో పాతుకుపోయింది. సాంటా తాత పేరుతో జరిగే బేరమే దసరాకూ, రంజానుకూ జరుగుతున్నది. గనుక ప్రశ్న అందరిదీ.

హైదరాబాదుకు దక్షిణాన, ఇబ్రహీంపట్నం ప్రాంతంలోని రావిర్యాలను చూడండి. చెరువు, చేలు, పశువులు కలిగిన పల్లె అది. 2006లో అక్కడ ఫ్యాబ్ సిటీ వస్తుందన్నారు, కంప్యూటరు చిప్పులు తయారవుతాయన్నారు. బాహ్యవలయ రహదారి వచ్చింది. 2016లో వండర్‌లా వినోదశాల తెరుచుకున్నది. ఇటువంటి చోట రెండు రకాల బాల్యాలు ఒకే రోడ్డు మీద ఎదురుపడతాయి. ఒక బిడ్డ సెలవు రోజున కారులో వచ్చి ఆడుకొని పోతాడు. మరొక బిడ్డ తండ్రి గేటు దగ్గర కావలి కాస్తాడు, తల్లి ఎక్కడో వూడ్చి తుడుస్తుంది. మొదటి ఇంట్లో కానుకల పరిమితిని తల్లిదండ్రుల వివేకం అంటున్నాం. రెండవ ఇంట్లో అదే పరిమితిని లేమి అంటున్నాం. రెండు ఇళ్ళకూ కలిపి ఒకే నీతిసూత్రం బోధించేవాడు ఈ తేడాను చూడడం లేదు. లేదా చూడదలచుకోలేదు.

అసలు కానుక అన్న మాట మన దేశంలో ఏ దిక్కుకు నడిచిందో చూడండి. భక్తుడు దేవుడికి కానుక సమర్పించాడు. నేటికీ మన చర్చిలలో కానుక అంటే విశ్వాసి సంచిలో వేసే డబ్బే. జాగీర్దారు నిజాముకు నజరానా చెల్లించాడు. తెలంగాణ పల్లెలో మాదిగవాడు దొరకు చెప్పులు, కుమ్మరి కుండలు, గొల్ల గొర్రె ఉచితంగా ఇచ్చుకున్నారు. పండుగ వచ్చిందంటే దొర గడీకి మామూళ్ళు నడిచాయి. అంటే చరిత్రలో కానుక ఎక్కువగా కింది నుంచి పైకి పోయింది. పై నుంచి కిందికి దిగినప్పుడు దాని పేరు దయ. ఆ దయకు బదులుగా కిందివాడు తన ఒళ్ళు వంచాడు. ఫ్రెంచి పండితుడు మార్సెల్ మౌస్ 1925లో కానుకల మీద ప్రకటించిన ప్రసిద్ధ వ్యాసంలో ఈ సంగతినే శాస్త్రీయంగా చర్చించాడు. ప్రతిఫలం కోరని కానుక పైకి అట్లా కనబడుతుందే గాని, పుచ్చుకున్నవాడి మీద బాధ్యత మోపకుండా వుండదని ఆయన నిరూపించాడు.

దీనికి ఇబ్రహీంపట్నం తాలూకాయే సాక్ష్యం. పార్లమెంటు వెట్టిచాకిరీ రద్దు చట్టాన్ని 1976లో చేసింది. చట్టం వచ్చిన తర్వాత కూడా ఆ తాలూకాలో జీతగాళ్ళు అప్పుల కింద భూస్వాములకు కట్టుబడి వుండిపోయారు. 1980లలో గీతా రామస్వామి తదితరులు పనిచేసిన ఇబ్రహీంపట్నం తాలూకా వ్యవసాయ కూలీ సంఘం వారి విడుదల కోసం, కనీస వేతనం కోసం, భూమి కోసం పోరాడింది. ఆ కూలీలు అడిగింది పండుగకు కొత్తబట్ట కాదు. ఏడాది పొడుగునా చేసిన చాకిరీకి కూలి అడిగారు. కూలి ముట్టినవాడు తన బిడ్డకు బట్ట తానే కొనుక్కుంటాడు. కూలి ఎగ్గొట్టినవాడు పండుగనాడు పంచే బట్టను కానుక అనడం భాషకు కూడా అన్యాయం.

ఇది మన వెనుకబాటుతనపు కథ మాత్రమేనా? కాదు. పెట్టుబడి రాజధాని న్యూయార్కులో 1912లో నిరర్థకపు కానుకల నివారణ సంఘం అని ఒకటి పుట్టింది. క్రిస్మస్ వచ్చేసరికి దుకాణాలలో పనిచేసే ఆడపిల్లలు తమ కొద్దిపాటి జీతంలోంచి చందాలు వేసుకొని పై అధికారులకు కానుకలు కొనవలసి వచ్చేది. కొనకపోతే కోపం, కోపం వస్తే ఉద్యోగానికి ముప్పు. ఆ ఆనవాయితీని ఎదిరించడానికే ఆ సంఘం ఏర్పడింది. దాని స్థాపకులలో ఒకరు ఆన్ మోర్గన్. ఆమె బ్యాంకుల చక్రవర్తి జె. పి. మోర్గన్ కూతురు! కానుక బరువు ఎంత దుర్భరమైనదో ఆ బరువు మోసేవారికే మొదట తెలిసింది, పేరు మాత్రం కోటీశ్వరుడి కూతురికి దక్కింది. అయినా ఆ చరిత్ర మనకు నేర్పుతున్నది ఒకటున్నది: కానుకల పరిమితి అన్నది పుట్టుకలో పిల్లల క్రమశిక్షణ సమస్య మాత్రమే కాదు, అది శ్రామికుల సమస్య కూడా.

ఇక ఈనాటి పిల్లల కానుకల సంగతి. ఇది అనాదిగా వచ్చిన ఆచారమని అనుకోనక్కరలేదు. మసాచుసెట్స్ వలసలో 1659 నుంచి 1681 వరకు క్రిస్మస్ జరుపుకున్నవారికి అయిదు షిల్లింగుల జరిమానా వుండేది. క్రిస్మస్ పిల్లల కానుకల పండుగగా స్థిరపడింది 19వ శతాబ్దంలో, యంత్రాల సరుకు అంగళ్ళలో గుట్టలు పడిన కాలంలో. ఆ సరుకు అమ్ముడు కావాలంటే తల్లిదండ్రుల ప్రేమకు ఒక కొలబద్ద కావాలి. వ్యాపారి ఆ కొలబద్ద తయారు చేసిపెట్టాడు. ఎన్ని పొట్లాలు కొంటే అంత ప్రేమ.

ఆ పొట్లం లోపల ఏమున్నదో కూడా చూడాలి. 1993 మే 10న థాయిలాండులోని కాదర్ బొమ్మల ఫ్యాక్టరీ తగలబడి 188 మంది కార్మికులు చనిపోయారు. వారిలో అత్యధికులు పడుచు ఆడపిల్లలు. వారు కుడుతున్నవి పాశ్చాత్య దేశాల పిల్లల కోసం ఎగుమతి అయ్యే బొమ్మలు. అదే సంవత్సరం నవంబరులో చైనాలోని షెన్‌జెన్‌లో మరొక బొమ్మల ఫ్యాక్టరీ కాలి 80 మందికి పైగా మరణించారు. ఒక బిడ్డ పది నిమిషాలు ఆడి మూలన పడేసే బొమ్మ వెనుక ఇంకొక తల్లి కన్న బిడ్డ శ్రమ వున్నది. ఆ శ్రమను గౌరవించేవాడు బొమ్మల లెక్క తగ్గిస్తాడు, బొమ్మ చేసిన మనిషి కూలి పెరగాలని కూడా అడుగుతాడు. లెక్క తగ్గించి ఊరుకున్నవాడు తన ఇల్లు శుభ్రం చేసుకున్నాడు, అంతే.

పిల్లల సంతోషానికి కూడా లెక్కలా అని అడుగుతారు. పిల్లల సంతోషానికి లెక్క లేదు, నిజమే. కాని సంతోషం పొట్లాలలో లేదు. బిడ్డ అడుగుతున్నది తండ్రి సాయంకాలాన్ని. ఆ సాయంకాలాన్ని ఓవర్‌టైము మింగేసింది. మింగిన దానికి పరిహారంగా తండ్రి బొమ్మ కొంటాడు, బొమ్మకైన అప్పు తీర్చడానికి మళ్ళీ ఓవర్‌టైము చేస్తాడు. ఈ చక్రాన్ని ఎక్కడో ఒకచోట ఆపాలి. అందుకే పరిమితి.

ఇంకొక రకం వారున్నారు. పేదవారు ఉన్నదానితో తృప్తి పడాలి, అదే క్రీస్తు బోధ, అదే మన సంస్కృతి అంటారు. వీరు మరింత ప్రమాదకరమైన వారు. నిండిన కడుపు చేసే ఉపవాసం వ్రతం అవుతుంది. ఆకలి కడుపుకు ఉపవాసం బోధించడం క్రూరత్వం.

మూడవ రకం దాతృత్వం. తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తర్వాత ప్రభుత్వం క్రిస్మస్‌కు పేద క్రైస్తవులకు, రంజానుకు పేద ముస్లిములకు బట్టల పొట్లాలు పంచింది. పుచ్చుకున్నవారిని నిందించడానికి మనకేమి హక్కు? చలికాలంలో కొత్తబట్ట కొత్తబట్టే. కాని ఆ పొట్లం అందుకున్న దళిత క్రైస్తవుడికి 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదా నిరాకరిస్తున్నది. ఆ హోదా సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో దక్కింది. దళిత క్రైస్తవుడు మాత్రం మన రాష్ట్రాలలో వెనుకబడిన తరగతుల సి గ్రూపులో ఒక్క శాతం దగ్గర ఆగిపోయాడు. మాలపల్లెలో, మాదిగవాడలో అతన్ని చూసే చూపు మతంతోపాటు మారిందా? మారలేదు. డిసెంబరులో చీర ఇచ్చే ఏ ప్రభుత్వమైనా జనవరిలో హక్కు ఇవ్వకపోతే ఆ చీరను ఏమనాలి? హక్కును కొలిచి, కోసి, కానుకను ధారాళంగా పంచడమే పాలకవర్గాల పాత విద్య.

మరి పిల్లలకు హద్దు లేకుండా ఇవ్వవలసింది ఏమిటి? మొదటిది బడి. ఈ రంగారెడ్డి జిల్లాలోనే 1991 నుంచి శాంతా సిన్హా నాయకత్వంలో ఎం. వెంకటరంగయ్య ఫౌండేషను పనిలో మగ్గుతున్న పిల్లలను బడికి తెచ్చింది. పనిచేసే బిడ్డకు పండుగనాడు మిఠాయి ఇచ్చి పంపకుండా, పనిచేసే ఏ బిడ్డా వుండకూడదని పట్టుపట్టింది. రెండవది పుస్తకం. ఒకనాడు మాస్కోలో అచ్చయిన తెలుగు బాలల పుస్తకాలు విశాలాంధ్ర దుకాణాలలో కారుచౌకగా దొరికాయి. ఒక్క పుస్తకం ఇంటికి వస్తే వీధి పిల్లలందరూ చదివారు. 1991తో ఆ రాక ఆగిపోయింది. కాని 1960 నాటి గ్రంథాలయాల చట్టం ఆగలేదు. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా మనం కడుతూనే వున్నాం. ఇళ్ళు, పరిశ్రమలు, వినోదశాలలు పెరిగిన రావిర్యాల వంటి చోట ఆ పైసలు ఎన్ని పోగవుతున్నాయి, వాటిలో బాలల పుస్తకాలకు ఎంత ఖర్చవుతున్నది అని అడగవలసినవారు ఉపాధ్యాయులు, విద్యార్థులు కారా? మూడవది ఆటస్థలం. టిక్కెట్టు లేని ఆటస్థలం.

కాబట్టి మన కర్తవ్యం స్పష్టం. ఇంట్లో కానుక ఒకటి చాలు. అది చేతితో చేసినదైతే మరీ మంచిది. కొండపల్లి, ఏటికొప్పాక, నిర్మల్ పనివారికి న్యాయమైన ధర చెల్లించి కొన్నదైనా మంచిదే. తరగతి గదిలో ఎవరికేమి వచ్చిందని పిల్లలను వరుసగా నిలబెట్టి అడిగే ఆచారాన్ని ఉపాధ్యాయులు మానాలి. పుట్టినరోజున ఇంటింటికీ తిరుగు కానుకలు పంచే బదులు బడి అలమరకు ఒక పుస్తకం చేర్చే పద్ధతిని విద్యార్థి సంఘాలు చేపట్టవచ్చు.

ఇవన్నీ చిన్న పనులే. ఇంట్లో మిగిలిన నాలుగు రూపాయలతో సమాజం మారదు. కాని ఇంట్లో కానుకలకు హద్దు గీసిన తల్లిదండ్రులు ఆ పూటే గ్రంథాలయ సంస్థకు ఒక అర్జీ రాస్తే, కూలీ సంఘం సభకు బిడ్డను వెంటబెట్టుకొని వెళితే, ఆ బిడ్డ ఒక సంగతి నేర్చుకుంటాడు. కొన్నింటిని అడగకుండా వుండాలని, కొన్నింటిని అడిగి తీరాలని. ఆ రెండింటి మధ్య తేడా తెలిసిన తరమే మనకు కావాలి.