ఆపొద్దంటే చాలదు, ఎక్కడ ఆపాలో చెప్పాలి

2024 ఏప్రిల్ 22న సూర్యాపేట జిల్లా మునగాల మండలం ముకుందాపురం దగ్గర, 65వ నంబరు జాతీయ రహదారి మీద ఆగి ఉన్న లారీని ఒక కారు వెనక నుంచి ఢీకొట్టింది. కారులోని దంపతులు చనిపోయారు. మూడు రోజులకు, ఏప్రిల్ 25 తెల్లవారుజామున, అదే రహదారి మీద కోదాడ దగ్గర మరో కారు ఆగి ఉన్న మరో లారీని గుద్దుకుంది. ఒకే కుటుంబానికి చెందిన ఆరుగురి ప్రాణాలు పోయాయి. రెండుచోట్లా లారీ కదలకుండా నిలబడే ఉంది.

ఇలాంటి ప్రమాదం జరిగిన ప్రతిసారీ అతివేగం, నిద్రమత్తు అనే రెండు మాటలతో చర్చ ముగుస్తుంది. అవి నిజమైన కారణాలే కావచ్చు. కానీ ఆ లారీ అక్కడే ఎందుకు ఆగింది? ఆగడానికి దగ్గర్లో ఇంకో చోటుందా? ఉంటే డ్రైవరుకు ఎవరైనా చూపించారా? ఈ ప్రశ్నలకు జవాబు వెతికేవారు లేరు. మఠంపల్లి గనుల నుంచి మిర్యాలగూడ మిల్లుల దాకా రోడ్డు మీదే బతుకు నడిచే ఈ ప్రాంతానికి అసలు సమస్య అక్కడే ఉంది. రోడ్డు మీద బండి ఆపకూడదని చెప్పే చట్టాలు మనకు కావలసినన్ని ఉన్నాయి. ఎక్కడ ఆపుకోవాలో చూపించే బాధ్యతను మాత్రం ఎవరూ తలకెత్తుకోలేదు.

సరుకు మాది, రోడ్డు అందరిదీ

కృష్ణ ఒడ్డున ఉన్న సున్నపురాయి వల్ల మఠంపల్లి, మేళ్లచెరువు, పాలకీడు మండలాలు సిమెంటు సీమగా మారాయి. ఎన్‌సీఎల్, సాగర్ సిమెంట్స్ కర్మాగారాలు మఠంపల్లి మండలంలోనే ఉన్నాయి. బూడిద, బొగ్గు తెచ్చే టిప్పర్లు, విడి సిమెంటు మోసే బల్కర్లు, బస్తాలు ఎత్తుకెళ్లే పది, పద్నాలుగు చక్రాల లారీలు హుజూర్‌నగర్ మీదుగా కోదాడ చేరి జాతీయ రహదారిలో కలుస్తాయి. మట్టపల్లి దగ్గర కృష్ణ మీద వంతెన వచ్చాక పల్నాడు వైపు రాకపోకలూ వీటికి తోడయ్యాయి. ఎడ్లబండ్లు, బస్సులు తిరగడానికి వేసిన రోడ్ల మీద ఇప్పుడు ఒక్కో బండి పాతిక ముప్పై టన్నుల బరువుతో పోతోంది. పది చక్రాల లారీ మొత్తం బరువు పరిమితిని కేంద్రం 2018లో 25 టన్నుల నుంచి 28.5 టన్నులకు పెంచింది. అన్ని రోడ్ల వెడల్పూ ఆ లెక్కన పెరగలేదు.

సిమెంటు వ్యాపారంలో లారీకి నడకెంతో నిరీక్షణా అంతే. లోడింగు సీరియల్ వచ్చేదాకా ఆగాలి. కాటా దగ్గర ఆగాలి. సరుకు దిగాల్సిన ఊళ్లో గోదాము తెరిచేదాకా ఆగాలి. పగలు పట్టణంలోకి భారీ వాహనాలను రానివ్వకపోతే చీకటి పడేదాకా పొలిమేరలో ఆగాలి. ఈ ఆగడమంతా సరుకు పంపేవాడి వ్యాపారంలో భాగమే. లారీ నిలిపే చోటు మాత్రం ప్రజల రోడ్డు అవుతోంది. సొంత జాగాలో యార్డు కట్టి, చదును చేసి, దీపాలు పెట్టి, కాపలా పెట్టడానికి అయ్యే ఖర్చు అతనికి మిగిలిపోతుంది. ఆ ఖర్చును చీకట్లో బైకు మీద ఇంటికెళ్లే మనిషి తన ప్రాణంతో చెల్లిస్తున్నాడు.

ఆగిన లారీని చీకట్లో ఒకసారి దగ్గరగా చూస్తే ఈ మాట ఎంత నిజమో తెలుస్తుంది. వెనక ఎర్ర లైట్ల మీద సిమెంటు దుమ్ము పేరుకుని గట్టిపడి ఉంటుంది. రిఫ్లెక్టర్ స్టిక్కర్లు సగం ఊడిపోయి ఉంటాయి, మిగిలిన సగం మీదికి పట్టా వేలాడుతుంటుంది. బ్యాటరీ దిగిపోతుందని పార్కింగు లైట్లు ఆర్పేస్తారు. టైరు పేలినా, యాక్సిల్ విరిగినా ఎర్ర త్రికోణం బోర్డు పెట్టేవారు తక్కువ. వెనక నాలుగు రాళ్లు పేర్చి, పక్కనున్న తుమ్మకొమ్మ విరిచి గుచ్చుతారు. బండి బాగై వెళ్లిపోయాక ఆ రాళ్లు రోడ్డు మీదే ఉండిపోతాయి. తెల్లారేలోగా ఇంకో మోటారుసైకిలును పడేస్తాయి.

ఎనభై కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకు 22 మీటర్లు దాటుతుంది. ముందేదో ఉందని కన్ను పట్టుకుని, కాలు బ్రేకు మీదికి వెళ్లేసరికే ముప్పై, నలభై మీటర్లు గడిచిపోతాయి. బ్రేకు పడి బండి ఆగడానికి దాదాపు మరో అంత దూరం కావాలి. డిమ్ లైటు వెలుతురు నమ్మకంగా పరుచుకునేది యాభై మీటర్ల లోపే. దుమ్ము కొట్టుకుపోయిన లారీ కనబడేసరికి తప్పించుకునే దూరం మిగలదు. జాగ్రత్తగా నడిపే డ్రైవరుకూ ఈ లెక్క తప్పదు.

చట్టం ఏమంటోంది?

చట్టంలో మాటలకు కొదవ లేదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 122వ సెక్షన్ ప్రకారం ఇతరులకు ప్రమాదం, అడ్డంకి, అనవసరమైన ఇబ్బంది కలిగేలా బహిరంగ స్థలంలో బండిని వదలకూడదు. 2017లో వచ్చిన డ్రైవింగు నిబంధనలు వేగంగా బండ్లు తిరిగే రోడ్లు, ఫుట్‌పాత్‌లు, మలుపులు, వంతెనలు, బస్టాపులు, బడి, ఆసుపత్రి ద్వారాల దగ్గర నిలపడాన్ని నిషేధించాయి. కూడలికి 50 మీటర్ల లోపు నిలపకూడదు. 201వ సెక్షన్ ఒకప్పుడు చెడిపోయి అడ్డం పడిన బండ్లకే వర్తించేది. 2019 సవరణలో 'చెడిపోయిన' అనే షరతు తీసేశారు. ఇప్పుడు రాకపోకలకు అడ్డం పెట్టిన ఏ బండికైనా అది వర్తిస్తుంది. జరిమానా గరిష్ఠంగా 500 రూపాయలు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 285వ సెక్షన్ బహిరంగ మార్గంలో అడ్డంకి కలిగిస్తే 5,000 రూపాయల దాకా జరిమానా అంటోంది. పాత శిక్షాస్మృతిలో అదే నేరానికి 200 రూపాయలే ఉండేది.

బండిని తీయించే అధికారం 127వ సెక్షన్‌లో ఉంది. పది గంటలు వదిలేసిన బండినీ, నిషిద్ధ స్థలంలో నిలిపిన బండినీ యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి లాగించవచ్చు. ఆ పది గంటల మాట పట్టుకుని చాలామంది చేతులు ముడుచుకుంటారు. ఉన్న తీరును బట్టి బండి రాకపోకలకు ప్రమాదకరంగా ఉంటే పది గంటలు ఆగక్కర్లేదని, వెంటనే తీయించవచ్చని అదే సెక్షన్ చెబుతోంది. ఖర్చు యజమానిదే. అంటే అధికారానికి లోటు లేదు. అర్ధరాత్రి పూట ముప్పై టన్నుల లారీని లాగగల క్రేను ఎంతసేపటికి వస్తుందన్నదే ప్రశ్న. టోలు కట్టించుకునే రహదారి మీద క్రేను, గస్తీ వాహనం ఉంటాయి. మఠంపల్లి, హుజూర్‌నగర్, నేరేడుచర్ల రోడ్ల మీద ఆ ఏర్పాటు ఎవరిదో ముందే తేల్చి పెట్టుకోవాలి.

పరిహారం విషయంలో న్యాయస్థానాల వైఖరీ స్పష్టంగానే ఉంది. లైట్లు, సంకేతాలు లేకుండా రోడ్డు మధ్య ఆపిన గ్యాస్ ట్యాంకరును కారు ఢీకొన్న కేసులో హైకోర్టు తప్పును చెరిసగం పంచింది. 2018లో సుప్రీంకోర్టు దాన్ని తోసిపుచ్చి, నిర్లక్ష్యమంతా ట్యాంకరుదేనంది. 2025 నవంబరు 2న రాజస్థాన్‌లోని ఫలోదీ దగ్గర ఆగి ఉన్న ట్రైలరును టెంపో ఢీకొని 15 మంది చనిపోయినప్పుడు సుప్రీంకోర్టు తనంతట తానే కేసు చేపట్టి, రహదారుల అంచున వెలసిన ధాబాల సంగతి అడిగింది. ధాబా ఉన్నచోట లారీ ఆగుతుంది. ధాబాకు లోపల జాగా లేకపోతే ఆ లారీ రోడ్డు మీదే ఆగుతుంది.

ఇన్ని సెక్షన్ల మధ్య ఎవరూ అంతగా పట్టించుకోనిది 117వ సెక్షన్. మోటారు వాహనాలు ఏ చోట, ఎంతసేపు నిలబడవచ్చో, బస్సులు, ఆటోల వంటి ప్రయాణికుల వాహనాలు ఏ చోట ఎక్కువసేపు ఆగవచ్చో స్థానిక సంస్థతో సంప్రదించి నిర్ణయించే అధికారాన్ని అది రాష్ట్ర ప్రభుత్వానికీ, ప్రభుత్వం నియమించిన అధికారికీ ఇస్తోంది. ఆ నిర్ణయంలో రోడ్డు వాడేవారి భద్రతకు, రాకపోకలు సాఫీగా సాగడానికి పెద్దపీట వేయాలని 2019 సవరణ చెప్పింది. పంచాయతీ చట్టాల్లోనూ బండ్ల స్టాండ్లు ఏర్పాటు చేసి రుసుము తీసుకునే వీలు ఎడ్లబండ్ల కాలం నుంచీ ఉంది. నిషేధపు సెక్షన్లను వాడుతున్నంతగా చోటు చూపే ఈ సెక్షన్‌ను వాడితే సగం సమస్య తీరుతుంది.

జాతరకు చేసిన పని

ఇది చేతకాని పనేమీ కాదు. రెండేళ్లకోసారి సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లిలో పెద్దగట్టు లింగమంతుల స్వామి జాతర జరుగుతుంది. జాతీయ రహదారి అంచునే లక్షల మంది చేరతారు. ఆ రోజుల్లో హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే బండ్లను నార్కట్‌పల్లి దగ్గర మళ్లించి నల్లగొండ, మిర్యాలగూడ, హుజూర్‌నగర్ మీదుగా కోదాడకు పంపుతారు. జాతరకొచ్చేవారు ఏ వైపు నుంచి వస్తే ఏ మైదానంలో బండ్లు నిలపాలో పోలీసులు ముందే ప్రకటిస్తారు. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలకు మట్టపల్లి ఘాటుకు జనం పోటెత్తినప్పుడూ ఘాట్లతో పాటే వాహనాలకు జాగాలు చూసుకోవాల్సి వచ్చింది.

దీన్నిబట్టి చూస్తే మన యంత్రాంగానికి పార్కింగు విద్య వచ్చు. ఎన్ని బండ్లు వస్తాయో అంచనా వేయడం, జాగా వెతకడం, బోర్డు పెట్టడం, మనిషిని నిలబెట్టడం అన్నీ తెలుసు. జాతర ముగిసిన మర్నాడు ఆ విద్యను అటకెక్కిస్తున్నారు. ఈ ప్రాంతంలో ఏడాది పొడవునా సిమెంటు రవాణా ఉంటుంది. ఏడాదికి రెండుసార్లు ధాన్యం వస్తుంది. పెళ్లిళ్ల ముహూర్తాలుంటాయి. ఇవన్నీ ముందే తెలిసిన రద్దీలే.

టోకెన్లు నేర్పిన పాఠం

వీటిలో ధాన్యం రద్దీ ఎలా ఉంటుందో తెలియాలంటే మిర్యాలగూడ సంగతి కాస్త లోతుగా చూడాలి. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద వరి ఒకేసారి కోతకొస్తుంది. హార్వెస్టర్ దిగితే ఎకరం గంటల్లో పూర్తవుతుంది. సన్నరకం వడ్లను ఆరబెట్టకుండా పచ్చిగానే మిల్లులకు తోలడం ఇక్కడి పద్ధతి. కోత యంత్రాల వేగానికి మిల్లుల డ్రయ్యర్ల వేగం చాలదు. ఆ తేడా అంతా ట్రాక్టర్ల బారులై రోడ్డు మీద నిలబడుతుంది. 2020 వానాకాలం కోతల్లో ఈ రద్దీని అదుపు చేయడానికి అధికారులు టోకెన్లు ఇచ్చారు. టోకెన్ ఉన్న ట్రాక్టరే మిల్లుకు రావాలన్నారు. రోడ్డు మీది వరుస కొంత తగ్గినా, టోకెన్ కోసం రైతులే వరుసల్లో నిలబడాల్సి వచ్చింది. పొలంలో వరి ఎండి గింజ రాలిపోతోందని వారు ఆందోళనకు దిగారు.

టోకెన్ ఆలోచనలో తప్పు లేదు. రాకను క్రమపరచకుండా ఆగడాన్ని క్రమపరచలేం. అయితే రద్దీ భారమంతా రైతు ఒక్కడి మీద వేయడం వల్లే అది వికటించింది. మిల్లుకు ఎంత డ్రయ్యరు సామర్థ్యం ఉందో, ఆవరణలో ఎన్ని ట్రాక్టర్లు పడతాయో ముందే ప్రకటించి, హార్వెస్టర్ల కదలికనూ దానికి జతచేసి ఉంటే టోకెన్ రైతుకు భరోసా అయ్యేది. రోడ్ల మీద వడ్లు ఆరబోయడమూ ఇదే కోవలోది. రాత్రిపూట నల్లపట్టా కప్పి, చుట్టూ రాళ్లు పెట్టిన కుప్ప మనుషుల్ని చంపుతోంది, నిజమే. ఊళ్లో కల్లం లేని రైతును రోడ్డు మీద నుంచి తరిమితే సరిపోతుందా? ఆరబెట్టుకునే చోటు చూపించాకే ఆ నిషేధానికి న్యాయం ఉంటుంది.

బండి ఉన్నవారే దానికి చోటు చూసుకోవాలనే సూత్రాన్ని జపాన్ 1962లోనే చట్టం చేసింది. కారు కొనాలంటే దాన్ని నిలపడానికి తనకు చోటుందని కొనేవారు ముందు రుజువు చూపాలి. రాత్రంతా వీధిలో వదిలేయడం అక్కడ నేరం. మన పల్లెల్లో ప్రతి ఇంటికీ ఆ నియమం పెట్టనక్కర్లేదు. రోజూ వందల బండ్లను రప్పించుకునే వ్యాపారాలకు పెట్టడం మాత్రం అన్ని విధాలా న్యాయం.

చేయాల్సినవి ఇవి

మొదటిది, కర్మాగారాలు, మిల్లులు, గోదాములు, ఫంక్షన్ హాళ్లు తమ దగ్గరికొచ్చే బండ్లకు తమ హద్దుల్లోనే జాగా చూపాలి. అనుమతుల రెన్యువల్‌కు దాన్ని షరతుగా పెట్టాలి. లారీ సీరియల్‌ను ఫోనుకు పంపే వీలున్న ఈ రోజుల్లో గేటు ముందు బారులు తీరాల్సిన అవసరమే లేదు.

రెండోది, డ్రైవరును మనిషిగా చూడాలి. మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లోనే రోజుకు 8 గంటల పని, అయిదు గంటల పని తర్వాత కనీసం అరగంట విశ్రాంతి అని చెప్పింది. నిద్ర ముంచుకొస్తున్నా చోటు లేక స్టీరింగు పట్టుకుని పోయే డ్రైవరు, చోటు లేక రోడ్డు అంచున నిద్రపోయే డ్రైవరు ఇద్దరూ ప్రమాదమే. స్నానానికి నీళ్లు, మరుగుదొడ్డి, వెలుతురు, కాపలా ఉన్న లారీ పార్కింగు స్థలాలు కోదాడ, హుజూర్‌నగర్, మిర్యాలగూడ పొలిమేరల్లో కావాలి. జాతీయ రహదారిని ఆరు వరుసలకు పెంచే ప్రతిపాదనలోనే వాటికి స్థలం కేటాయించాలి.

మూడోది, మఠంపల్లి వంటి మండల కేంద్రంలో బస్సు ఎక్కడాగాలి, ఆటో స్టాండు ఎక్కడ, బ్యాంకు పనికొచ్చిన బైకులు ఎక్కడ, సరుకు దించే డీసీఎం వ్యాను ఏ గంటల్లో రావాలన్నది రోడ్డు మీద గీతలు గీసి చూపాలి. ఇందుకు కోట్లు అక్కర్లేదు. పంచాయతీ, పోలీసు, రోడ్లు భవనాల శాఖ, ఆర్టీసీ, ఆటో యూనియన్ ఒక పూట కలిసి కూర్చుంటే చాలు. నాలుగోది, చెడిపోయిన బండిని తీయించడానికి ప్రతి రోడ్డుకూ ఒక క్రేను, ఒక ఫోను నంబరు, ఒక బాధ్యుడు ఉండాలి. వెనక లైట్లు, రిఫ్లెక్టర్లు శుభ్రంగా లేని లారీని లోడుతో గేటు దాటనివ్వకూడదు. గేటు దగ్గర ఒక గుడ్డముక్కతో అయ్యే పని అది.

2022లో దేశవ్యాప్తంగా రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. అన్ని మరణాలనూ మఠంపల్లి ఆపలేదు. తన గేటు ముందు, తన కూడలిలో, తన పొలిమేరలో ఆగిన బండి వల్ల జరిగేవాటిని ఆపగలదు. 2025 డిసెంబరు ఎన్నికల్లో గెలిచిన సర్పంచులు, వార్డు సభ్యులు గ్రామసభలో పార్కింగు స్థలాల మీద తీర్మానం చేసి పంపాలి. కలెక్టరు 117వ సెక్షన్ కింద దాన్ని నోటిఫికేషన్‌గా తెప్పించాలి. చోటు చూపించిన మర్నాటి నుంచి రోడ్డు మీద ఆపిన బండికి జరిమానా వేయండి, లాగించండి, కేసు పెట్టండి. అప్పుడు ఆ శిక్షను తప్పుపట్టే హక్కు ఎవరికీ ఉండదు.