పిట్టల ఆకలా, మన పుణ్యమా?

చలికాలం వచ్చిందంటే చాలు, పెరటి పిట్టలకి ఇంట్లోనే తిండి తయారు చేసే పద్ధతులు ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూ ఉంటాయి. పశువుల కొవ్వు కరిగించి, వేరుశెనగ పలుకులు, ఓట్సు, గింజలు కలిపి, ముద్ద చేసి చెట్టుకి వేలాడదియ్యాలట. మా ఊళ్ళో కూడా కొందరు మొదలుపెట్టారు. కొవ్వు ముట్టనివాళ్ళు డాల్డాతో చేస్తున్నారు. మా ఊరంటే పోర్ట్ బ్లెయిర్. 2024 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం దీని పేరు శ్రీవిజయపురం అని మార్చింది గానీ, మా వీధిలో ఇంకా పాత పేరే నడుస్తోంది.

"పిట్టలకి తిండి పెడితే హేతువాదులకేమిటి బాధ?" అని అడుగుతారు. తిండి పెట్టడం మీద నాకేమీ అభ్యంతరం లేదు. ఎవరికి ఆకలి, దేని కోసం ఆకలి అని చూడకుండా పెట్టడం మీదే అభ్యంతరం.

ముందు ఈ ముద్ద ఎక్కడ పుట్టిందో చూద్దాం. ఇంగ్లండులో డిసెంబరు రాత్రి సుమారు 16 గంటలు. నేల గడ్డ కడుతుంది, పురుగులు దొరకవు. పది పన్నెండు గ్రాముల బరువుండే పిట్ట, ఒంట్లో ఉన్న కాస్త కొవ్వునీ ఖర్చు పెట్టుకుంటూ ఆ రాత్రి గడపాలి. పగలు తిండి చాలకపోతే తెల్లారేసరికి చచ్చిపోవచ్చు. కాబట్టి అక్కడ కొవ్వు ముద్ద పెట్టడానికి కారణం ఉంది. అది మూఢనమ్మకం కాదు.

మరి మా ఊళ్ళో? జనవరి రాత్రి కూడా మామూలుగా 22, 23 డిగ్రీలుంటుంది. ఏడాదిలో అతి పెద్ద రాత్రి పన్నెండున్నర గంటలే. అసలు ఉత్తర దేశాల చలి తప్పించుకోడానికే కొన్ని వలస పిట్టలు సముద్రం దాటి అండమాన్ వస్తాయి. వాటిలో చాలా వాటికి కావలసింది పురుగులు. చలి లేని చోటికి వచ్చిన పిట్టకి చలికాలపు తిండి పెట్టడం ఏం తర్కం? కారణం పోయి ఆచారం ఒక్కటే మిగిలితే దాన్ని ఏమంటారో మన పాఠకులకి వేరే చెప్పక్కర్లేదు.

పోనీ, అవసరం లేకపోయినా నష్టం లేదు కదా అంటారా? ఉంది. మా ఎండకి ఆ ముద్ద కరిగి కారుతుంది. జిడ్డు ఈకలకి అంటుకుంటే ఈకలు పాడవుతాయి. మా గాలిలోని తేమకి వేరుశెనగ బూజు పడుతుంది. ఆ బూజుల్లో కొన్ని అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారు చేస్తాయి. 1960లో ఇంగ్లండులో లక్షకి పైగా టర్కీ కోళ్ళు చచ్చిపోయింది బూజు పట్టిన వేరుశెనగ పిండి తినే. పిట్టలన్నీ ఒకే గిన్నె చుట్టూ చేరితే జబ్బులు కూడా పంచుకుంటాయి. బ్రిటన్‌లో 2005 నుంచి ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవి వల్ల గ్రీన్‌ఫించ్ పిట్టలు ఎంతగా తగ్గిపోయాయంటే, 2021లో వాటిని అక్కడి రెడ్ లిస్టులో చేర్చారు. శుభ్రం చెయ్యని గిన్నెలు ఆ జబ్బు వ్యాపించడానికి సాయపడతాయి.

ఇంకో ప్రశ్న. మనం పెట్టింది తినేదెవరు? మా పెరట్లో అన్నం వేస్తే ముందు వాలేవి కాకులూ, గోరింకలూ. ఈ మామూలు గోరింక అండమాన్ పిట్ట కాదు. 19వ శతాబ్దంలో బ్రిటిష్ వాళ్ళు తెచ్చి వదిలింది. పరాయి చోట్ల స్థానిక జీవులకి ముప్పు తెచ్చే వంద జీవుల జాబితాలో దీని పేరు కూడా ఉంది. చెట్టు తొర్రల కోసం స్థానిక పిట్టలతో పోటీ పడుతుంది. కాకులు ఇతర పిట్టల గుడ్లూ పిల్లలూ తింటాయి. అంటే స్థానిక పిట్టల మీద జాలితో పెట్టిన మెతుకులు వాటి ప్రత్యర్థులనే పోషిస్తున్నాయి.

ఉత్తరాంధ్ర నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. కర్మ రోజున కాకికి పిండం పెట్టి, అది ముట్టేదాకా చేతులు కట్టుకుని నిలబడే అలవాటు కూడా మాతో పాటే ఓడ ఎక్కి వచ్చింది. కాకి తింటే పోయినవాళ్ళు తృప్తి పడ్డారంటాం. తినకపోతే ఏదో కోరిక మిగిలిందంటాం. కాకికి ఆకలేసిందేమో, కడుపు నిండి ఉందేమో అని ఎవరూ అనుకోరు. చదువుకున్నవాళ్ళు దీన్ని చూసి నవ్వుతారు. కానీ కొవ్వు ముద్ద మీద గోరింక వాలగానే "ఎంత సంతోషంగా ఉందో పాపం" అనుకోవడంలో తేడా ఏముంది? రెండు చోట్లా పిట్ట కడుపు చూడకుండా మన మనసు చూసుకుంటున్నాం.

అయితే పిట్టలకి ఏమీ చెయ్యొద్దా? చెయ్యాలి. ఏడాదికి సుమారు 3000 మిల్లీమీటర్ల వాన పడే మా ఊళ్ళో జనవరి నుంచి మార్చి దాకా వాన బాగా తగ్గిపోతుంది. ధనికరి డ్యామ్‌లో నీళ్ళెన్ని ఉన్నాయని మనుషులే ఆరా తీసే రోజులవి. ఇక్కడి చలికాలంలో కరువంటూ ఏదైనా ఉంటే అది నీళ్ళకే. లోతు తక్కువ మట్టి మూకుడులో నీళ్ళు పోసి నీడన పెట్టండి. రోజూ కడిగి నీళ్ళు మార్చండి. లేకపోతే వారం పది రోజుల్లో దోమలు తయారై మన ఇంటికే డెంగ్యూ తెస్తాయి. తేనెపిట్టల కోసం మందార మొక్క నాటండి. పురుగుమందు కొట్టడం మానండి. పురుగులుంటే వాటిని తినే పిట్టలు ఎవరూ పిలవకుండానే వస్తాయి.

నా మాట కూడా ఊరికే నమ్మొద్దు. నెల రోజులు ఒక మూల నీళ్ళు, ఇంకో మూల గుప్పెడు అన్నం పెట్టండి. రోజూ ఒకే వేళకి అరగంట కూర్చుని, దేని దగ్గరికి ఏ పిట్ట ఎన్నిసార్లు వచ్చిందో రాయండి. చిత్రగుప్తుడి పుస్తకం ఎవరూ చూడలేదు, మీ నోటుపుస్తకం ఎవరైనా చూడొచ్చు. అందులో లెక్క వేరుగా తేలితే నా అభిప్రాయం మార్చుకోడానికి నేను సిద్ధం.